మోటారు పందెములు – ప్రజల జ్ఞాపకములు

ఏ క్రీడకైనను రెండు చరిత్రములుండును. గెలిచినవారి పేర్లును, కాలప్రమాణములును లిఖించియుంచు పట్టికలలో నున్నది మొదటిది. చూచినవారి మనస్సులలో నిలిచియున్నది రెండవది. మొదటిదానిని సంస్థలు భద్రపరచును. రెండవదానిని భద్రపరచువారు అరుదు. అది మనుష్యులతోపాటు కాలగర్భమున కలిసిపోవును. మన దేశపు మోటారు పందెముల విషయమున ఈ రెండవ చరిత్రమే ఘనమైనది. ప్రపంచ విజేతల పట్టికలలో భారతీయుల పేర్లు కొలదిగానే కనిపించును. కాని ఎండలో నిలిచి, దుమ్ము పీల్చి, నిద్ర మానుకొని ఈ పందెములను చూచినవారి జ్ఞాపకములు లెక్కకు మిక్కిలి. వానిని శ్రద్ధతో పరిశీలించినచో ప్రభుత్వములకును, వ్యాపారులకును ఉపకరించు పాఠమొకటి యందు కలదు. ఆ పాఠమును పెడచెవిని పెట్టిన ఫలము ముందు ఉత్తరాదిన, పిమ్మట హైదరాబాదున కనబడినది.

అభిమానులు నలుగురొకచోట చేరినపుడు వారి సంభాషణము వినదగినది. ఏ సంవత్సరమున ఎవరు గెలిచిరను ప్రసంగము కొలది నిమిషములలో ముగియును. తరువాత అసలు కథలు ప్రారంభమగును. తండ్రి భుజములపై కూర్చుండి చూచిన తొలి పందెము, కంచె ప్రక్కగా కారు దూసుకొనిపోయినపుడు గుండెలోపల అదరిన చప్పుడు, పందెము ముగిసిన పిమ్మట గ్రీజు చేతులతోనే పలుకరించిన మెకానిక్కు మంచితనము: వీనినే వారు మరల మరల చెప్పుకొందురు. వాసన సంగతి చెప్పని పాత అభిమాని అరుదు. పూర్వము పందెపు ఇంజనులకు ఆముదముతో చేసిన కందెన వాడెడివారు. మిక్కుటమైన వేడిమికి తట్టుకొని లోహమును అంటిపెట్టుకొనియుండు గుణము ఆముదమునకు కలదు. అది మాడునపుడు వచ్చు తియ్యని ఘాటువాసనను లోకమందంతటను గల వృద్ధాభిమానులు నేటికిని తలచుకొందురు. కాస్ట్రాల్ అను ప్రసిద్ధమైన కందెన పేరు సయితము ఆముదపు ఆంగ్లనామము నుండి పుట్టినదే. మహబూబునగరు, నల్లగొండ జిల్లాల మెట్టచేలలో ఆముదపు పంటను చూచిన మనవారికి ఈ సంగతి ముచ్చట గొల్పకమానదు.

ఇట్టి జ్ఞాపకముల స్వభావము మన పల్లెలకు క్రొత్తది కాదు. సంక్రాంతి దినములలో బండలాగుడు పందెములు జరుగు గ్రామములందు, బహుమాన మెంతయో పదియేండ్ల తరువాత ఎవరికిని జ్ఞప్తియుండదు. ఏ రైతు జత ఎంత దూరము లాగెను, ఏ యెద్దు చివరి క్షణమున మోకాళ్లపై బడి మరల లేచెను అను విషయములను మాత్రము ముసలివారు నిన్న చూచినట్లు వర్ణింతురు. తమయూరి పశువు, తమ యెరుకలోని మనిషి, తమ కన్నుల యెదుటి శ్రమ: ఈ మూడును కూడినపుడే వేడుక జ్ఞాపకమై నిలుచును. మోటారు పందెమునకును ఇదియే ధర్మము.

దక్షిణ భారతమున దీనికి తార్కాణము షోళవరము. నేటి పాఠకునకు షోళవరమనగా చెన్నపట్టణమునకు మంచినీరిచ్చు చెరువే స్ఫురించును. నెల్లూరు నుండి చెన్నపట్టణమునకు పోవు గ్రాండ్ నార్తర్న్ ట్రంకు రోడ్డు ప్రాంతముననే, నగరమునకు ఉత్తరముగా, రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానక్షేత్రమొకటి యుండెను. యుద్ధము ముగిసెను. విమానములు పోయినవి, బాటలు మిగిలినవి. ఆంధ్ర రాష్ట్రము అవతరించిన 1953వ సంవత్సరముననే మదరాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు స్థాపితమయ్యెను. ఉత్సాహవంతులు కొందరు తమంతట తాము చేరి యేర్పరచుకొనిన ఆ క్లబ్బు యుద్ధావశేషమైన ఆ బాటలను పందెపు బాటలుగా మార్చినది. పరదేశ ప్రభుత్వము యుద్ధమునకై వేసిన బాట స్వతంత్ర ప్రజల వేడుకకు వినియోగపడుట సామాన్యమైన విశేషము కాదు. ఎనుబదుల దశకాంతము వరకును షోళవరపు పందెములు దేశమంతట పేరుగాంచియుండెను.

అచటి యేర్పాట్లు మిక్కిలి సామాన్యములు. కాని అచటికి వచ్చిన జనమునకు లభించిన యానందము సామాన్యమైనది కాదు. సంస్థానాధీశుల కుటుంబములవారును, ధనికులును విదేశముల నుండి తెప్పించిన పందెపు కార్లు ఒకప్రక్క గర్జించుచుండెడివి. వేరొక ప్రక్క అంబాసిడర్లు, ఫియట్లు, స్టాండర్డ్ హెరాల్డులు పోటీపడెడివి. ఇవి ప్రేక్షకుని వీధిలో నిత్యము తిరుగు బండ్లే. పేటలోని మెకానిక్కు వాని అనవసరపు బరువు తీసివేసి, ఇంజనును విప్పి సానబెట్టి పందెమునకు సిద్ధపరచెడివాడు. ఎన్‌ఫీల్డు, జావా, యెజ్డి మోటారుసైకిళ్ల పోటీలకు విద్యార్థులు విరగబడెడివారు. విదేశీ వస్తువుల దిగుమతి దుర్లభమైన ఆ కాలమున విరిగిన భాగమును ఇచటి కార్ఖానాలోనే చేయించుకొనవలసి వచ్చెడిది. ఆ యిబ్బందియే అనేకులకు విద్య నేర్పినది. తన యింటి బండివంటి బండి తన కన్నుల యెదుట మెరుపువలె పోవుచుండగా సామాన్యునకు కలిగిన సంతోషమును కొలుచు గడియారము లేదు. ఆనాటి ప్రేక్షకులలో నేడు జీవించియున్నవారు వార్ధక్యమున నున్నారు. ఐనను షోళవరము పేరెత్తినచో వారి కన్నులలో వెలుగు కనిపించును.

ఆ వెలుగు వట్టి ముచ్చటగా ముగియలేదు. షోళవరమున మొలకెత్తిన యభిరుచి తన నేలను తానే సంపాదించుకొన్నది. శ్రీపెరుంబుదూరు సమీపమున ఇరుంగాట్టుకోట్టై యందు క్లబ్బువారు తమ సొంత పందెపు బాటను నిర్మించుకొనగా అది 1990 ప్రాంతమున వాడుకలోనికి వచ్చెను. దాని నిడివి 3.7 కిలోమీటర్లు. విశ్వవిఖ్యాతమైన బాటలతో పోల్చినచో అది నిరాడంబరమైనదే. కాని నాటినుండి తరము తరువాత తరమునకు అది విద్యాలయముగా నున్నది.

ఈ సందర్భమున కోయంబత్తూరు వాస్తవ్యుడగు కరివర్ధన్ సేవను స్మరింపకుండుట కృతఘ్నతయగును. పందెపు కారు కావలెనన్న పరదేశము వైపు చూడవలసిన దినములలో ఆయన దేశముననే ఒంటి ఆసనపు పందెపు కార్లను నిర్మించెను. 1980లలో మన వీధులలోనికి వచ్చిన మారుతీ 800 కారు చిన్న ఇంజనునే తీసికొని, తక్కువ వ్యయముతో యువకులు పోటీపడదగిన బండి నొకదానిని సిద్ధపరచెను. ఫార్ములా మారుతీ పందెములు దానితోడనే నడిచినవి. 796 ఘన సెంటీమీటర్ల ఇంజనుతో ఏమి సాధింపగలమని పరిహసించినవారు లేకపోలేదు. అందరును ఒకే విధమైన చిన్న బండిపై పోటీపడినపుడు ధనబలము వెనుకబడి నేర్పు ముందునకు వచ్చునను సత్యమును వారు గ్రహింపలేదు. 1995లో విమానప్రమాదమున ఆయన అకాలమరణము నొందుట దేశమునకు తీరని నష్టము. కోయంబత్తూరు సమీపమునగల పందెపు బాట నేటికిని ఆయన పేరనే యున్నది.

ఆ చిన్న బండ్లపై తొలి పాఠములు నేర్చిన కోయంబత్తూరు యువకుడు నరైన్ కార్తికేయన్ 2005 మార్చి 6న ఆస్ట్రేలియా గ్రాండ్ ప్రీలో జోర్డాన్ జట్టు పక్షమున దిగి, ఫార్ములా వన్ పందెమున పాల్గొనిన ప్రథమ భారతీయుడయ్యెను. ఆయన స్థానము 15. ఐనను నాటి ఉదయమున టెలివిజను ముందు కూర్చున్నవారి కది మరపురాని దినము. అదే సంవత్సరము జూన్ 19న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో చక్రపు టైర్ల విషయమున వివాదము చెలరేగి 14 కార్లు తప్పుకొనగా, ఆరు కార్లే పరుగెత్తినవి. అందు కార్తికేయన్ నాలుగవవాడై 5 పాయింట్లు సంపాదించెను. ఆరుగురిలో నాలుగవ స్థానమేమి గొప్పయని లెక్కలవారు పెదవి విరిచిరి. అర్ధరాత్రి వేళ మేలుకొని చూచిన భారతీయ అభిమానుల తీర్పు వేరు. పందెమున నిలిచినవారికే ఫలము దక్కునని వారు సంతసించిరి. మా మతమును అదియే. షోళవరపు బాట, కరివర్ధన్ బండి, ఇరుంగాట్టుకోట్టై విద్యాలయము లేనియెడల ఆ రాత్రి లేదు. జ్ఞాపకము విత్తనము వంటిది; దానికి నేల చూపినవారే పంట ననుభవింతురు.

ఇక నాణెమునకు రెండవవైపు చూతము. 2009 ఆగస్టు 30న బెల్జియమునందలి స్పా బాటపై ఫోర్స్ ఇండియా జట్టు కారును నడిపిన ఇటలీ చోదకుడు జాంకార్లో ఫిసికెల్లా అందరికంటె ముందు వరుసలో నుండి బయలుదేరి, కిమి రైకోనెన్ వెనుక ఒక సెకను లోపు తేడాతో ద్వితీయుడయ్యెను. మన పతాకపు రంగులు దాల్చిన కారు అంతటి స్థానము పొందుట చూచి మురిసినవారిలో మేమును ఉన్నాము. ఆ సంతోషము నిజమైనదే. కాని ఆ కారు ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్ యందు నిర్మితమైనది. దానిని నడిపినవారు విదేశీయులు. యజమానుని ధనమును, పేరును మాత్రమే మనవి. 2018లో ఆ జట్టు ఋణములలో చిక్కి పరుల చేతిలోనికి పోగా మన దేశమున మిగిలినది ఆ ఒక్క దినపు జ్ఞాపకమే. ఇచట ఒక్క కార్ఖానాయు, ఒక్క శిక్షణాలయమును దానివలన మిగులలేదు. పేరు స్వదేశీయమై పని విదేశీయమైనపుడు కలుగు ఫలమిదియే.

గ్రేటర్ నోయిడా కథ ఇంతకంటె విచారకరము. ఢిల్లీకి చేరువలో 5.125 కిలోమీటర్ల నిడివిగల బుద్ధ్ అంతర్జాతీయ బాటపై 2011 అక్టోబరు 30న ప్రథమ భారత గ్రాండ్ ప్రీ జరిగెను. ఆ దినమును చూచినవారు మొదట తలచుకొనునది చప్పుడును కాదు, వేగమును కాదు. ఒక నిమిషపు మౌనము. అంతకు ముందు పదునైదు దినముల లోపల అమెరికాలో డాన్ వెల్డన్, మలేషియాలో మార్కో సిమొన్‌చెల్లి పందెములలో మరణించియుండిరి. వారికై జనసముద్రమెల్ల నిశ్శబ్దముగా నిలిచెను. ఈ క్రీడలో ప్రాణము పణముగా నున్నదని మన ప్రేక్షకులు తొలి దినముననే గుర్తించిరి. సాధన దినమున కుక్క యొకటి బాటపైకి వచ్చి పరుగులను నిలిపివేసిన సంగతిని అభిమానులు నవ్వుచు చెప్పుకొందురు. 2013 అక్టోబరు 27న సెబాస్టియన్ వెటెల్ వరుసగా మూడవమారు ఇచట గెలిచి, నాల్గవ ప్రపంచ విజేతృత్వమును సాధించి, నియమమును ఉల్లంఘించి ప్రేక్షకుల యెదుట కారును గిరగిర త్రిప్పి, దిగి దానికి మ్రొక్కెను. అధికారులాతనిని మందలించి జట్టునకు 25,000 యూరోల జరిమానా విధించిరి. ఆయుధపూజ నాడు పనిముట్టునకు మ్రొక్కు దేశమువారికి మాత్రము ఆ మ్రొక్కులో తప్పేమియు కనబడలేదు.

అదియే కడపటి భారత గ్రాండ్ ప్రీ అయ్యెను. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వము ఈ పందెమును క్రీడగా గాక వినోదముగా నెంచి వినోదపు పన్ను విధించుట, పరికరముల దిగుమతిలో చిక్కులు, పందెపు నిర్వాహకులకు చెల్లింపవలసిన భారీ రుసుము మున్నగునవి కారణములుగా చెప్పబడినవి. బాటను నిర్మించిన వ్యాపారసంస్థయు తరువాత ఋణభారమున క్రుంగెను. 2023 సెప్టెంబరులో మోటారుసైకిళ్ల ప్రపంచ పందెమొకటి అచట జరిగినదన్న మాట నిజమే. ఐనను ఫార్ములా వన్ కార్లు మూడేండ్లు వచ్చిపోయినవి గాని నిలువలేదు. సామాన్యులు కట్టుకొనిన చిన్న బాట మూడు దశాబ్దములు దాటియు నిలిచెను; మహావ్యయముతో కట్టిన పెద్ద బాటకు అతిథులు మూడేండ్లకే దూరమైరి. ఈ తారతమ్యమును ఎవరు విస్మరింపగలరు?

మన హైదరాబాదు దీనిని విస్మరించినది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేను సాగరు తీరమున, నూతన సచివాలయము సమీపమున, నగర వీధులనే బాటగా చేసి విద్యుత్తుతో నడచు కార్ల ఫార్ములా ఈ పందెమును నిర్వహించిరి. ఫ్రాన్సు దేశీయుడగు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. ప్రతిదినము బస్సులోనో స్కూటరుపైననో తాము పోవు వీధిలో ప్రపంచ ప్రసిద్ధులైన చోదకులు పోటీపడుచుండగా చూచినవారి యానందమును మేము తక్కువ చేయము. ఉరుము లేని మెరుపువలె ఆ కార్లు సాగరపు గాలిలో సన్నని యీలతో పోవుట కొందరికి వింతయు, గర్జన కలవాటుపడినవారికి కొరతయు అయ్యెను. ఆనాటి బాలబాలికలలో ఎందరికో అది జీవితకాలపు జ్ఞాపకము కాదగినది. కాని మరుసటి యేడాది ఫిబ్రవరిలో జరుగవలసిన పందెము, ప్రభుత్వము మారిన పిమ్మట 2024 జనవరిలో రద్దయ్యెను. నిర్వాహకులు ఒప్పందభంగమనిరి. 2024 డిసెంబరులో నిధుల చెల్లింపుపై అవినీతి నిరోధక శాఖ కేసు నమోదు చేసెను. ఆ కేసులోని మంచిచెడ్డలను తేల్చుట న్యాయస్థానముల పని. అందు మేము తలదూర్చము. మా చింత వేరొకటి. ఒక క్రీడ యొక్క భవిష్యత్తు ఒక మంత్రివర్గపు ఉత్సాహముతో పుట్టి వేరొక మంత్రివర్గపు నిరుత్సాహముతో గిట్టునట్టిదైనచో, దానికి ప్రజలలో వేరు లేదనియే యర్థము. షోళవరము ఎన్నికలతో వచ్చినదికాదు, ఎన్నికలతో పోలేదు.

బీదదేశమునకు ఈ వేడుక యేలయని ప్రశ్నించువారు కలరు. విదేశీ సంస్థకు కోట్లు చెల్లించి కొనితెచ్చుకొను రెండు దినముల ఆర్భాటము విషయమున వారి ప్రశ్న న్యాయమైనదే. కాని ఒక మెకానిక్కు కుమారుడు తన చేతితో సిద్ధపరచిన ఇంజనుతో పోటీకి దిగుట విలాసము కాదు. అది పనితనమునకు పరీక్ష. 1953లో ఫ్రాన్సునందలి లె మాన్స్ పందెమున గెలిచిన జాగ్వార్ కార్లు డిస్కు బ్రేకుల సామర్థ్యమును లోకమునకు చాటినవి. నేడు మన మధ్యతరగతి కారులోను, మోటారుసైకిలుపైనను ఆ బ్రేకులే యున్నవి. పందెపు బాట యంత్రవిద్యకు ప్రయోగశాల యనుట ఇందుచేతనే.

ఇది ప్రాణాంతకమైన క్రీడ గదా యనునది రెండవ ఆక్షేపణము. దీనిని తేలికగా త్రోసివేయుట తగదు. 1955లో అదే లె మాన్స్‌లో కారు జనము మీదికి ఎగిరిపడగా 80 మందికి పైగా మరణించిరి. 1994 మే 1న ఇటలీలోని ఇమోలా యందు అయర్టన్ సెన్నా మరణించుటను టెలివిజనులో చూచినవారికి ఆ దినము నేటికిని పచ్చిపుండే. కాని ఈ క్రీడ తన మృతులను మరువలేదు. బాటలను, కార్లను నానాటికి సంస్కరించుకొన్నది. చోదకుని తలకు రక్షణగా 2018 నుండి తప్పనిసరి చేసిన లోహపు చట్రము తోడ్పడగా, 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో రొమాఁ గ్రోజాన్ రెండు ముక్కలైన కారు మంటలలోనుండి సజీవుడై వెలుపలికి వచ్చెను. అభిమానులు ఆదరముతో చెప్పుకొను జ్ఞాపకములలో నేడు ఇదియును ఒకటి. మరి మన సామాన్యపు రహదారులపై 2022వ సంవత్సరమొక్కదానిలోనే 1,68,491 మంది మరణించిరి. రాత్రివేళ బహిరంగ మార్గములపై పందెములు వేసి పట్టుబడు యువకుల వార్తలు మనము చదువుచునే యున్నాము. వేగముపై మోజు యౌవనమునకు సహజము. దానికి కంచెయు, నియమమును, గురువును గల చోటు చూపనిచో అది వీధిలోనికి వచ్చి పరుల ప్రాణములను తీయును.

కావున మేము కోరునవి కొలదియే. మోటారు పందెమును క్రీడగా నెంచి, తదనుగుణముగా పన్నులు విధింపవలెను. రెండు తెలుగు రాష్ట్రములలోను నగరములకు దూరముగా నిరాడంబరమైన శాశ్వతపు బాటల నేర్పరచి, స్వల్ప రుసుముపై విద్యార్థులకును, మెకానిక్కులకును తెరచియుంచవలెను. మధ్యప్రదేశ్‌లోని పీఠంపూరున ఇంజనీరింగు విద్యార్థులు తాము నిర్మించిన బండ్లతో జాతీయ పోటీలలో పాల్గొనుచున్నారు. ఆ శక్తికి ఇంటిచెంతనే చోటు కల్పించుట అసాధ్యము కాదు. అంతర్జాతీయ పందెములను పిలువదలచినచో ఒప్పందపు షరతులను, వ్యయమును సంతకమునకు ముందే శాసనసభ యెదుట నుంచవలెను. ప్రభుత్వములు మారినను నిలువగల ఒప్పందమునే చేసికొనవలెను.

కడపటిది వ్యయము లేనిది; ఐనను అన్నిటికంటె త్వరపడవలసినది. షోళవరమును చూచినవారు, అచట బండ్లు సిద్ధపరచినవారు ఇంకను కొందరు మన మధ్యనున్నారు. వారి మాటలను లిఖించియుంచుటకు, వారి యిండ్లలోని పాత ఛాయాచిత్రములను సేకరించుటకు విశ్వవిద్యాలయములును, క్లబ్బులును పూనుకొనవలెను. ఏ సభలోను సన్మానము పొందని మెకానిక్కు పేరు ఆ మాటలలో దొరకును. ఏ వస్తువును ఎట్లు ఇచటనే చేసికొంటిమను విద్యయు అందే దొరకును. తన పనివారి చేతులను మరచిన జాతి పరుల చేతి వస్తువులకు ప్రేక్షకురాలిగా మిగులును. బాట చూపినచో మన యువకులు ప్రేక్షకులుగా మాత్రమే యుండరని నరైన్ కార్తికేయన్ నిరూపించెను. ఆ బాటను వేయు భారము పాలకులది. వేయించు భారము ప్రజలది.